మా వాడి విమానాల ఆట

ఈ పుటలో యుద్ధ విమానాల ఆట గూర్చి వ్రాయడం చూసి ప్రియ పాఠకులు కొందరు నొసలు చిట్లించవచ్చు. మా ఇంటిలోనూ మొదట అంతే. మా రెండవ కుమారుడు చిన్ననాటినుండి వైమానిక దళంలో చేరాలని ఆశపడ్డాడు. కంటిచూపు చాలదని ఎంపికలో వెనక్కి పంపారు. ఆ తరువాత చాలా దినాలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పట్నంలోని పెద్దవాడు తన పాత కంప్యూటరూ, ఒక జాయ్‌స్టిక్కూ పంపాడు. అందులో 2011లో వచ్చిన క్లిఫ్స్ ఆఫ్ డోవర్ అనే ఆట ఉంది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జరిగిన యుద్ధమే ఆ ఆట.

ఒక రాత్రి వాడే నన్ను పిలిచాడు. "ఎనిమిది తుపాకులున్నాయి నాన్నా, ఒక్కటీ తగలడం లేదు" అన్నాడు. వాడంతట వాడు నోరు విప్పినందుకే నాకు సంతోషమైంది. నేను లెక్కల మాస్టారును గనుక కాగితం తీసుకొని కూర్చున్నాను.

స్పిట్‌ఫైర్ విమానపు గుండు సెకనుకు దాదాపు 740 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. గంటకు 400 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా పోయే శత్రువిమానం సెకనుకు 111 మీటర్లు పోతుంది. 500 మీటర్ల దూరంనుండి కాలిస్తే, గుండు చేరేలోగా అది 75 మీటర్లకు పైగా జరిగిపోతుంది. దాని పొడవు చూస్తే 9 మీటర్లు కూడా లేదు! అంటే ఎనిమిది విమానాలంత ముందుకు, ఖాళీ ఆకాశంలోకి గురిపెట్టాలి. అదే 100 మీటర్లనుండి అయితే రెండు విమానాలంత కూడా అక్కరలేదు. సరిగ్గా వెనుకనుండి వెళితే ఇంకా సుళువు. జొన్నచేలో మంచెనెక్కి వడిసెల తిప్పినవారికి ఇదంతా విడమరచి చెప్పనక్కరలేదు. పిట్ట ఉన్నచోటికి రాయి విసిరితే రాయి వెళ్ళేసరికి అక్కడ పిట్ట ఉండదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. తుపాకులు రెక్కలలో అటు నాలుగు, ఇటు నాలుగు ఉంటాయి. గుండ్లన్నీ ముందు ఒకచోట కలిసేలా వాటిని కాస్త లోపలికి తిప్పి బిగిస్తారు. ఆ చోటుకు ఇవతలా అవతలా గుండ్లు చెదిరిపోతాయి. 1940లో పైలట్లు ఆ దూరాన్ని 400 గజాలనుండి 250 గజాలకు తగ్గించుకున్నారు. ఆటలోనూ అది మార్చుకోవచ్చు. మా వాడు 200 మీటర్లకు పెట్టి, గురి అద్దంలోని రెండు గీతల మధ్య శత్రువు రెక్కలు నిండేదాకా మీట నొక్కకుండా ఉండడం నేర్చుకున్నాడు. అలా ఓర్చుకోవడానికే వాడికి నెల పట్టింది.

తుపాకీకి 300 గుండ్లే. పట్టి కాలిస్తే పదిహేను సెకన్లలో అయిపోతాయి. దక్షిణాఫ్రికానుండి వచ్చి ఇంగ్లండు తరఫున పోరాడిన మలాన్ అనే పైలట్ తోటివారికి పది సూత్రాలు వ్రాసియిచ్చాడు. గురి కుదిరాకనే, అదీ ఒకటి రెండు సెకన్లు మాత్రమే కాల్చమన్నాడు. మా వాడు ఆ పదీ గోడకు అంటించుకున్నాడు.

వాళ్ళమ్మ ఒకనాడు వెనుక నిలబడి చూస్తూ, "ఆ ఎదుటి విమానంలో ఎవరున్నార్రా?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా, కంప్యూటరే."

"1940లో కంప్యూటరు నడిపిందా?"

వాడు జవాబు చెప్పలేదు. ఆమె కూడా మరి రెట్టించలేదు.

మరునాడు ఆట మామూలే. గుండ్లు ఎందుకు పక్కకు పోతున్నాయో రికార్డు చేసిన ఆటను మరల మరల చూసి తానే కనిపెట్టాడు. విమానం పక్కకు జారుతుంటే పలకలోని చిన్న ముల్లు నడిమినుండి తొలగుతుంది. కాలితో చుక్కాని తొక్కి దానిని నడిమికి తెచ్చాకనే కాల్చాలట. ఇది నా లెక్కలో లేదు.

ఇప్పుడు గురి బాగా కుదిరింది. అయితే శత్రువిమానం పొగలు కక్కగానే ఇదివరకులా మరొకదాని వెంట పడడు. ఒక చుట్టు తిరుగుతాడు. వాళ్ళమ్మ వంటింటిలోనుండే "గొడుగు తెరుచుకుందా?" అని అడుగుతుంది. "ఆగమ్మా, చూస్తున్నాను" అంటాడు.