ఆ దారిన మేం వెళ్లం

మేం ఆరుగురం. పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో పంతుళ్లం. అండమాన్ చూడాలని ఏడాదిగా నెలకు వెయ్యి చొప్పున దాచుకున్నాం. విశాఖ నుంచి ఓడ, సముద్రం మీద రెండున్నర రోజులు. మొదటిరోజు సెల్యులార్ జైలు. మన్యం తిరుగుబాటులో పట్టుబడ్డ మనవాళ్లలో కొందరిని అక్కడికే పంపారు. ఆ గదుల ముందు కాసేపు నిలబడాలనుకున్నాం.

ఏజెంటు రాసిచ్చిన కాగితంలో నాలుగోరోజు బారాటాంగ్ ఉంది. సున్నపురాయి గుహలు, బురద కక్కే గుట్టలు. కింద ఇంకో ముక్క: "దారిలో జారవాలు కనిపించవచ్చు."

ఆ రోడ్డు జారవాల అడవి మధ్య నుంచి పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర బళ్లన్నీ వరసకట్టాలి. మధ్యలో ఆపకూడదు, ఫోటో తీయకూడదు. ఆ రోడ్డు మూయమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బళ్లు ఆగలేదు. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లలను ఆడించిన వీడియో 2012లో బయటపడింది. జారవాలు కొన్ని వందల మందే. 1999లో వాళ్లకు తట్టు సోకింది.

మాలో చిన్నవాడన్నాడు, "మనమూ గిరిజనులమే కదక్కా, చూస్తే తప్పేంటి?"

అక్క వెంటనే జవాబివ్వలేదు. తర్వాత చెప్పింది. అరకు సంతలో ఒకాయన వాళ్లమ్మ ముక్కుపోగులు ఫోటో తీసి పది రూపాయలు చేతిలో పెట్టాడట. అమ్మ తీసుకుంది. రాత్రి అన్నం దగ్గర అడిగింది, "నాలో ఏం చూశాడే వాడు?"

మేమెవరం మాట్లాడలేదు. కాలేజీ రోజుల్లో రిసార్టుల్లో డబ్బులకు థింసా ఆడినవాళ్లం మాలోనే ఇద్దరున్నారు.

కళ్లు మూసుకుని కూర్చుంటే సరిపోదా అని కూడా అనుకున్నాం. కానీ కళ్లు మూసుకున్నా బండి ఆ అడవిలోంచే పోతుంది. అవతలి ఊళ్లవాళ్లకు ఆసుపత్రికో పనికో ఆ రోడ్డు కావాలి. మాకు ఏ అవసరం ఉంది? గుహలంటారా, మనకు బొర్రా ఉంది.

బారాటాంగ్ కొట్టేశాం. ఏజెంటు నవ్వాడు, "అందరూ దానికే వస్తారండీ" అన్నాడు. ఆ రోజు సెల్యులార్ జైలుకే మళ్లీ వెళ్తాం. తిరిగొచ్చాక పిల్లలు ముందు అడిగేది జారవాలను చూశారా అనే. చూడలేదని, ఎందుకు చూడలేదో చెప్పాలని, ఇప్పటినుంచే మాటలు వెతుక్కుంటున్నాం.