ముద్దాయి

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నేను అన్నం తినేది తెలుగు రాసి. రెండు భాషల్లోనూ ఉన్న ఒక మాట నన్ను చాన్నాళ్లుగా వేధిస్తోంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. అన్యాయం జరిగింది, న్యాయం చెయ్యమని వచ్చి అడిగేవాడు. అదే మాట తెలుగు కోర్టుల్లోకొచ్చి ముద్దాయి అయ్యేసరికి బోనెక్కింది. ఇది నిఘంటువుల గొడవే అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి.

2007 మే 18, శుక్రవారం. హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిదిమంది పోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. చచ్చిందీ మావాళ్లే, పోలీసులు పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసు మీద 2012 జనవరిలో సర్కారు, కోర్టులు నిర్దోషులన్న ఇరవైమందికి తలా 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసిన యాభైమందికి తలా 20 వేలు ఇచ్చింది. మొత్తం 70 లక్షలు. 2013 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వుల్ని కొట్టేసింది. నిర్దోషి అని తేలినంత మాత్రాన పరిహారం ఇవ్వడానికి వీల్లేదంది. ఇచ్చింది వెనక్కి రాబట్టమంది.

ఇక చట్టంలో మిగిలే దారి సివిల్ దావా. కేసు దురుద్దేశంతో పెట్టారని, సరైన కారణమే లేదని దావా వేసినవాడే రుజువు చెయ్యాలి. అదీ నిర్దోషిగా తేలిన ఏడాదిలోపే వెయ్యాలి. 2012 జనవరికే నిర్దోషులై చెక్కులందుకున్నవాళ్లకు, 2013లో తీర్పొచ్చేసరికి ఆ తలుపు మూసుకుపోయింది. తెరిచే ఉందనుకుందాం. జైలు నుంచొచ్చి పనికోసం తిరిగే కుర్రాడు పోలీసు మనసులో ఉన్నదాన్ని ఏ సాక్షిని పెట్టి రుజువు చేస్తాడు?

ఈ హైకోర్టే 1989లో ఇంకోలా మాట్లాడింది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు పడి ఒక ఖైదీ చనిపోయాడు. ఆ దావాలో, సార్వభౌమాధికారం చాటున సర్కారు దాక్కోవడం కుదరదని చెప్పి నష్టపరిహారం ఇప్పించింది. 2000లో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. జైల్లో ప్రాణం పోతే సర్కారు బాకీపడుతుందన్నమాట. మరి జైల్లో వయసు పోతే?

మేం డబ్బడిగితే బుజ్జగింపంటారు. మేం అడిగేది ఖైరాత్ కాదు, హర్జానా. దానం చేసినవాడికి దండం పెట్టాలి. బాకీపడ్డవాణ్ణి నిలదియ్యాలి. మా పిల్లలు ఇన్నాళ్లూ తెలుగు ముద్దాయిలుగా నిలబడ్డారు. ఇకనైనా ఉర్దూ ముద్దయీలుగా నిలబడనివ్వండి.