నలభై అనుకున్నాం, నలభై ఐదట!

మా అక్క లాయర్. ఇప్పుడీ మాట ఇంత తేలిగ్గా రాసేస్తున్నాను కానీ, ఇక్కడిదాకా రావడానికి మధ్యలో ఒక ఏడాది అనవసరంగా పోయింది. పోగొట్టింది నేనే.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వయసు ఇరవై ఎనిమిది. ఆఫీసులో నా పనిలో సగం, క్లయింట్ పంపిన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్ చదవడమే. ఒక్క లైను సరిగ్గా చదవకపోతే రెండు వారాల పని బూడిదలో పోస్తాం. జూనియర్లకి రోజూ చెప్పే మాట ఇదే: ‘ముందు పూర్తిగా చదవండి, తర్వాత కీబోర్డు ముట్టుకోండి’ అని. ఇన్ని నీతులు చెప్పేవాణ్ని, అక్క విషయంలో మాత్రం చదవలేదు.

మాది ఖమ్మం జిల్లాలో ఓ ఊరు. నాన్నకి రెండెకరాల పది గుంటల పొలం, దాని మీద ఒక గట్టు తగాదా. 2012లో కేసు వేశాం. నేనప్పుడు టెన్త్. నాన్న చదివింది ఏడో తరగతి. వాయిదాకి వెళ్లి పొద్దుట్నుంచీ కోర్టు వరండాలో నిలబడటం, పేరు పిలిస్తే లోపలికెళ్లి దణ్ణం పెట్టడం, బయటికొచ్చి ‘మళ్లీ ఎప్పుడండీ?’ అని ఎవర్నో అడగడం. ఆ తేదీ చెప్పడానికి కూడా కొందరు విసుక్కునేవాళ్లు. తోడుగా వెళ్లేది అక్క. అప్పటికి బీకాం ఫైనలియర్. ఆ వరండాలోనే ఒకరోజు, ‘ఈ కాగితాల్లో ఏముందో మనకి తెలిస్తే బాగుండు నాన్నా’ అందట.

తర్వాత పెళ్లయింది, పాప పుట్టింది. బావది మెడికల్ షాపు. అక్క షాపు లెక్కలు చూసుకుంటూ ఉండిపోయింది. 2020లో ఓ రాత్రి నాకు ఫోన్ చేసి ‘ఒరేయ్ చిన్నా, నేను లాసెట్ రాయొచ్చా?’ అని అడిగింది.

రాయొచ్చు. ఏ డిగ్రీ ఉన్నా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి సరిపోతుంది. డిగ్రీలో జనరల్ వాళ్లకి 45 శాతం, ఓబీసీలకి 42, ఎస్సీ, ఎస్టీలకి 40 ఉండాలి. ముప్పై ఏళ్లు దాటినవాళ్లు పనికిరారన్న నిబంధన ఒకటి ఉండేది, దాని మీద 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. లాసెట్‌లో 120 ప్రశ్నలు, గంటన్నర టైము. అక్క రాసింది, సీటొచ్చింది. మొదట్లో ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసులు, తర్వాత రోజూ బస్సు. కరెస్పాండెన్స్‌లో చదివితే ప్రాక్టీసుకి చెల్లదు కాబట్టి అటెండెన్స్ కోసం పడ్డ పాట్లు ఆవిడకే తెలియాలి. పాపకి జ్వరమొచ్చిన రోజు కూడా షాపులో బావ పక్కన పడుకోబెట్టి కాలేజీకి వెళ్లింది.

2023లో పాసైంది. జులైలో రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయింది. నల్లకోటు వేసుకుని ఫొటో పంపింది. లాయరైపోయిందనే అనుకున్నాం. మనలో చాలామంది అనుకునేదీ అదే.

నిజానికి అక్కడికి సగమే అయింది. 1961 నాటి అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 24 ప్రకారం భారత పౌరులై, 21 ఏళ్లు నిండి, గుర్తింపు ఉన్న లా డిగ్రీ ఉంటే పేరు నమోదు చేసుకోవచ్చు. కానీ 2009-10 నుంచి డిగ్రీ పూర్తిచేసినవాళ్లందరూ ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ కూడా పాసవ్వాలి. ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లు గడువు. ఆలోపు పాసైతే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ ఇస్తారు. కాకపోతే కోటు ఉంటుంది, కోర్టులో నిలబడే హక్కు ఉండదు. చట్టం చెప్పినదానికి మించి ఇంకో పరీక్ష ఏంటని కొందరు సవాలు చేస్తే, 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఆ అధికారం ఉందని తేల్చేసింది.

పరీక్ష డిసెంబరు 10న అన్నారు. అక్క నన్ను మూడు ప్రశ్నలు అడిగింది. ఆ రోజు నేను స్టాండప్ కాల్‌లో ఉన్నాను. మ్యూట్ పెట్టి మాట్లాడాను.

‘పాస్ మార్కులు ఎన్నిరా?’

గూగుల్‌లో మొదట కనిపించిన పేజీ చూశాను. ‘నలభై.’

‘నెగెటివ్ మార్కులు ఉంటాయా?’

‘ఇలాంటి పరీక్షలకి ఉండే ఉంటాయి. తెలియనివి వదిలెయ్.’

‘పుస్తకాలు తీసుకెళ్లొచ్చా?’

‘ఓపెన్ బుక్కే కదా! అంచుల్లో నోట్స్ రాసేసుకో, వెతుక్కోవడం ఈజీ.’

రెండు నిమిషాల్లో మూడు జవాబులు. మూడూ తప్పే.

పరీక్ష హాల్లోకి బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానాలేవీ లేని ఉత్త చట్టం పుస్తకాలు మాత్రమే తీసుకెళ్లాలి. వాటిమీద రాతలు ఉండకూడదు. అక్క పుస్తకాలు తిరగేసి చూసిన ఇన్విజిలేటర్, పెన్సిల్ రాతలున్న నాలుగింటినీ బయట పెట్టించారు. రూలు ప్రకారం ఆయన చేసింది కరెక్టే. అసలే కంగారులో ఉన్న అక్క మూడున్నర గంటలు కూర్చుని, తొమ్మిది ప్రశ్నలు ఖాళీగా వదిలేసి వచ్చింది. తమ్ముడు చెప్పాడు కదా, నెగెటివ్ ఉంటుందని!

కీ వచ్చాక ఇద్దరం ఫోన్‌లో కూర్చుని లెక్కేశాం. తను ఏ ప్రశ్నకి ఏం పెట్టిందో గుర్తు తెచ్చుకుని చెబుతుంటే నేను ఎక్సెల్‌లో కొట్టాను. సరిగ్గా నలభై. ‘పాస్ అక్కా!’ అని అరిచాను. ఆవిడ సీనియర్ ఆఫీసులో, బార్ రూములో స్వీట్లు పంచింది. నాన్న ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడు.

మార్చిలో రిజల్ట్ వచ్చింది. ఫెయిల్.

నేను నమ్మలేదు. సైట్‌లో ఏదో తప్పుందన్నాను. అప్పుడు మొదటిసారి నోటిఫికేషన్ మొత్తం చదివాను. జనరల్, ఓబీసీ అభ్యర్థులకి పాస్ మార్కు 40 శాతం నుంచి 45కి పెంచింది సరిగ్గా ఆ పరీక్షకే. ఎస్సీ, ఎస్టీలకి 40. నేను చూసింది ఎవరో ఎప్పుడో రాసిన పాత పేజీ. అందులోనే ఇంకో లైను: నెగెటివ్ మార్కులు లేవు.

ఖాళీగా వదిలేసిన ఆ తొమ్మిది ప్రశ్నలు నాకు చాలా రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. గుడ్డిగా ఏదో ఒకటి పెట్టినా రెండో మూడో తగిలేవి. ఆఫీసులో ఎవరైనా జూనియర్ ఇలా చేసుంటే నేనేమనేవాణ్నో నాకు తెలుసు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉండేది. ‘బార్ రూముకి వెళ్లాలంటే సిగ్గుగా ఉందిరా, స్వీట్లు తిన్నవాళ్లందరూ అడుగుతున్నారు’ అంది, అంతే. కొన్నాళ్లు వెళ్లడం మానేసింది. మళ్లీ షాపులో లెక్కలు చూసుకోవడం మొదలుపెట్టింది. బావ నాకు ఫోన్ చేసి, ‘ఏదో ఒకటి చెయ్యి బావా, ఆ నల్లకోటు బీరువాలోంచి తియ్యట్లేదు’ అన్నాడు.

గడువు 2025 జులైతో అయిపోతుంది. తర్వాతి పరీక్ష తేదీ మారుతూ వచ్చి, చివరికి 2024 డిసెంబరు 22 అన్నారు. ఆలోపు ఇంకో పరీక్ష వస్తుందన్న నమ్మకం లేదు. అంటే ఒక్కటే ఛాన్సు.

దసరాకి ఊరెళ్లి అక్కకి సారీ చెప్పాను. ‘సారీ ఎందుకుగానీ, ఈసారి సరిగ్గా చదివి చెప్పు’ అంది. నోటిఫికేషన్, సిలబస్ ప్రింట్ తీసి ఇద్దరం లైను లైనుగా చదివాం. అప్పుడు తెలిసిందేమిటంటే, వంద మార్కుల్లో 62 ఏడు భాగాల నుంచే వస్తాయి. రాజ్యాంగం 10, సివిల్ ప్రొసీజర్ 10, క్రిమినల్ ప్రొసీజర్ 10, శిక్షా స్మృతి 8, సాక్ష్యం 8, కుటుంబ చట్టాలు 8, కాంట్రాక్టు, ఆస్తి బదిలీ వగైరా కలిపి 8. అక్క మొదటిసారి రెండు మార్కుల పర్యావరణ చట్టానికీ, పది మార్కుల సీపీసీకీ ఒకే టైము పెట్టింది.

ఇంకో చిక్కు. 2024 జులై 1 నుంచి క్రిమినల్ చట్టాలు మారిపోయాయి. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకి శిక్ష 302 కాస్తా 103 అయింది. 420 వెళ్లి 318లో కూర్చుంది. ఎఫ్‌ఐఆర్ సంగతి చెప్పే 154 కొత్త దాంట్లో 173. పాతా కొత్తా రెండూ చదవాలి. నేను పాత నంబరు నొక్కితే కొత్తది చూపించే చిన్న క్విజ్ యాప్ ఒకటి ఓ శనివారం కూర్చుని రాశాను. మా మేనకోడలు దాంతో వాళ్లమ్మకి పరీక్షలు పెట్టేది. తప్పు చెబితే ‘అమ్మా, యూ ఆర్ త్రీ ఎయిటీన్!’ అని వెక్కిరించేది.

కానీ అక్కకి అసలు పనికొచ్చింది యాప్ కాదు, నాన్న. చదివిన ప్రతి సెక్షనూ సాయంత్రం ఫోన్‌లో నాన్నకి తెలుగులో చెప్పాలని పెట్టుకుంది. ఆయనకి అర్థమైతే తనకి వచ్చినట్టు లెక్క. ఆర్డర్ 39 అంటే ఇంజంక్షన్ అని చెప్పబోతే, ‘మన గట్టు మీదికి వాళ్లు రాకుండా తెచ్చింది అదే కదా?’ అన్నాడాయన. పన్నెండేళ్లుగా మోస్తున్న సీపీసీ మరి!

ఒకరోజు నేనూ కాల్‌లో ఉన్నాను. ఆర్డర్ 17 చెబుతోంది అక్క. ‘విచారణ మొదలయ్యాక ఒక పార్టీకి మూడుసార్ల కంటే ఎక్కువ వాయిదాలు ఇవ్వకూడదు నాన్నా.’

అవతల కాసేపు మాటలేదు. ‘మూడా?’ అన్నాడు. ‘అట్లా రాసుందా?’

‘రాసుంది. కాకపోతే తప్పనిసరి పరిస్థితుల్లో కోర్టు ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది.’

‘ఆ తప్పనిసరి మనకే వచ్చిందన్నమాట ఇన్నేళ్లూ’ అని నవ్వాడు. మేమూ నవ్వాం. ఫోన్ పెట్టేశాక అక్క నాకు విడిగా మెసేజ్ పెట్టింది: ‘ఈసారి పాసవ్వాలిరా.’

డిసెంబరు 22న నేనే సెంటర్ దగ్గర దింపాను. అన్నీ కొత్త బేర్ యాక్టులు, ఒక్క గీత కూడా లేనివి. హాల్‌టికెట్ రెండుసార్లు చూశాను. ‘ఒక్కటి కూడా వదలకు’ అని గేటు దాకా చెబుతూనే ఉన్నాను. ‘తెలుసులేరా, నువ్వెళ్లు’ అంది.

ఈసారి కీ వచ్చినా ఎక్సెల్ తెరవలేదు. 2025 మార్చిలో రిజల్ట్ వచ్చింది. పాస్. అక్క స్వీట్లు కొనలేదు, సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ చేతికొచ్చేదాకా ఆగుతానంది.

ఈ కథ విన్న మా ఆఫీసు వాళ్లు ‘మనం కూడా లా చేయొచ్చా?’ అని అడుగుతుంటారు. బీటెక్ ఉంటే చేయొచ్చు. కానీ క్లాసులు రెగ్యులర్‌గా ఉండాలి, అటెండెన్స్ కనీసం 70 శాతం. ఇంకోటి, ఫుల్‌టైమ్ జీతం ఉద్యోగం చేస్తూ లాయర్‌గా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ రూల్ 49 చెబుతుంది. అంటే ఏదో ఒకరోజు జీతమా, కోటా అని తేల్చుకోవాలి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి భయపడక్కర్లేదు. చట్టంలో ఉన్న 750 రూపాయల కంటే, ఎస్సీ, ఎస్టీలైతే 125 కంటే ఎక్కువ వసూలు చేయకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. అక్క అంతకు ఏడాది ముందే వేలల్లో కట్టేసింది. పాతవి వెనక్కివ్వక్కర్లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. ఆ ముక్క చదివి అక్కే నవ్వింది.

ఇక్కడ నేను రాసిన అంకెల్ని కూడా నమ్మేసి ఊరుకోకండి. మీరు రాసే ఏడాది నోటిఫికేషన్ తీసి మీరే చదవండి. నేను చూసిన ఆ పాత పేజీ కూడా ఒకప్పుడు కరెక్టే.

ఏప్రిల్‌లో నాన్న కేసు వాయిదాకి నేనూ సెలవు పెట్టి వెళ్లాను. వాదించేది సీనియరే, అక్క పక్కన ఫైలు పట్టుకుని నిలబడింది. నాన్న పేరు పిలిచారు. రెండు నిమిషాల్లో అయిపోయింది. మళ్లీ వాయిదానే.

బయట వరండాలో పక్కూరాయనెవరో నాన్నని ‘మళ్లీ ఎప్పుడన్నారు?’ అని అడిగాడు. నాన్న అలవాటుగా గుమస్తా వైపు తిరగబోయి ఆగిపోయాడు. ‘మా అమ్మాయి రాసుకుందిలే’ అన్నాడు.