పట్టీలో పేరు

పోయిన నెల పెదనాన్న ఫోన్ చేసి నాకొక పని చెప్పినారు. మన బ్లాగులో "పేరు తెచ్చుకున్నవాళ్లు" అని ఒక పేజీ ఉంది కదా, మైసూరు సంస్థానం కాలంలో అమల్దారు కచేరీలో గుమాస్తాగా చేసిన ముత్తాత నుంచి మొదలయ్యేది. దాని పక్కన ఇంకొకటి పెట్టాలంట, "పేరు తెచ్చుకోబోయేవాళ్లు" అని. "మన పిల్లల్లో ఎవరు పైకొస్తారో చూసి ఒక పట్టీ రాసియ్యమ్మా, వేసవి సెలవుల్లో అందరూ కలిసేలోపల" అన్నారు. సరే పెదనాన్నా అనేశాను. ఫోన్ పెట్టినాక చాలాసేపు అట్లే కూర్చున్నా.

ముందే ఒక మాట. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు మాటలు అవ్వ దగ్గర వచ్చినాయి, అక్షరాలేమో హిందూపురం నుంచి పావగడకి వచ్చే బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నా. కన్నడ అక్షరం తెలిసినవాళ్లకి తలకట్టు కొంచెం మార్చుకుంటే చాలు. తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి. జాబితా అనే మాట కూడా నాకు పెద్దయినాకే తెలిసింది, మా ఇంట్లో దాన్ని పట్టీ అనే అంటాం.

పట్టీలంటే నాకు రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి అమెరికాది, ఇంకొకటి మన ఇంటిది.

అమెరికాది ముందు చెప్తా. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నాలుగేళ్లపాటు అక్కడి క్లయింట్ ఒకరి ఆటల సైట్ నా చేతిలో ఉండేది. అందులో ముఖ్యమైంది కాలేజీ ఫుట్‌బాల్. మనం కాలితో తన్నే ఆట కాదు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది. ఆ ఆట ఒక్కసారి కూడా పూర్తిగా చూడకుండానే దాని నియమాలన్నీ నాకు వచ్చేసినాయి. టెస్టర్ బతుకంటే అంతే.

వాళ్ల సీజన్ ఆగస్టు చివర్లో మొదలవుతుంది. దానికి ముందు, జులై, ఆగస్టు నెలల్లో, ఇంకా ఒక్క బంతి కూడా పడకముందే, అవార్డుల వాచ్ లిస్టులు వస్తాయి. ఈ ఏడు మేము ఫలానా వాళ్ల మీద కన్నేసి ఉంచుతాం అని అవార్డు ఇచ్చేవాళ్లు ముందుగానే చెప్పే పట్టీ అన్నమాట. అవార్డులు ఒకటా రెండా! అందరికన్నా మంచి ఆటగాడికి మ్యాక్స్‌వెల్, అది 1937 నుంచి ఉంది. క్వార్టర్‌బ్యాక్‌కి డేవీ ఓబ్రయన్, బంతి మోసుకుని పరిగెత్తేవాడికి డోక్ వాకర్, విసిరిన బంతిని పట్టేవాడికి బిలెట్నికాఫ్, గోల్ తన్నేవాడికి లూ గ్రోజా, బంతిని దూరంగా తన్ని పారేసేవాడికి కూడా రే గై అని వేరే ఒకటి. నాకు ఇష్టమైంది రిమింగ్‌టన్ ట్రోఫీ. అది సెంటర్ అనే స్థానానికి. బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించి, వెంటనే ఎదుటివాణ్ణి అడ్డుకోవాలి. ప్రతిసారీ ఆట అతని చేతిమీదుగానే మొదలవుతుంది, కానీ తప్పు చేసినప్పుడు తప్ప అతని పేరు ఎవరికీ వినపడదు. మా ఉద్యోగానికి ఇంత దగ్గరి స్థానం ఇంకొకటి లేదు.

ఈ లిస్టుల్లో చాలావాటికి బలం పోయిన ఏటి లెక్కలు, కాలేజీలవాళ్లు పంపే పేర్లు. అందుకే చాలా పొడుగ్గా ఉంటాయి. లిస్టు వచ్చిన రోజే ప్రతి కాలేజీ తన సైట్లో "మావాళ్లు ఇంతమంది" అని వేసుకుంటుంది. ఆటగాడికి అప్పుడు చేతికొచ్చేది ఏమీ లేదు. నవంబరుకల్లా ఆ పేర్లు సగానికి పైగా రాలిపోతాయి, కొత్తవి చేరతాయి, డిసెంబరులో ఒక్కటి మిగులుతుంది. 2012లో జానీ మాంజెల్ అనే కుర్రాడికి జులైలో సొంత జట్టులోనే స్థానం ఖాయం కాలేదు. అదే ఏడు డిసెంబరులో హైస్‌మన్ ట్రోఫీ, అంటే అన్నిటికన్నా పెద్దది, అతనికే వచ్చింది. మొదటి ఏడు ఆడేవాడికి అది దక్కడం అదే మొదలు.

ముందుగా పేరు మోగించాలని కాలేజీలు పడిన పాట్లు చదువుతుంటే నాకు నవ్వొచ్చేది. 2001లో ఆరెగన్ విశ్వవిద్యాలయం వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ జోయీ హారింగ్‌టన్ బొమ్మని న్యూయార్క్‌లో ఒక భవనం మీద పది అంతస్తుల ఎత్తున పెట్టించినారు, 2,50,000 డాలర్లు పోసి. అతను నాలుగో స్థానంలో ఆగినాడు. దానికి ముందు 1970లో నోటర్ డేమ్ కాలేజీలో జో థీస్‌మన్ అని ఒకడు. హైస్‌మన్‌తో ప్రాస కుదురుతుందని ప్రచారం చూసేవాళ్లు అతని పేరునే థైస్‌మన్ చేసేశారు. ట్రోఫీ రాలేదు, రెండో స్థానం వచ్చింది. మారిన పేరు మాత్రం అట్లే ఉండిపోయింది. ఇది చదివినప్పుడు నవ్వు ఆగింది. మన ఇంటిపేరు కన్నడ బడి రిజిస్టర్లో పేరు వెనకాల ఒక్క అక్షరంగా మిగిలిపోయింది కదా, నా కొడుక్కి ఆ అక్షరం దేనికో కూడా తెలీదు.

సరే, అసలు సంగతికి వస్తా. బట్‌కస్ అవార్డు అని ఉంది, లైన్‌బ్యాకర్లకి ఇచ్చేది. డిక్ బట్‌కస్ చికాగో బేర్స్ జట్టులో 51 నంబరు జెర్సీ వేసుకునేవాడు. అందుకని ఆ వాచ్ లిస్ట్‌లో 51 పేర్లు పెట్టడం ఆనవాయితీ. నేను ఆ పనిలో చేరిన రెండో ఏడు ఆ లిస్టు పేజీ టెస్ట్ చేసి, అంతా బాగుంది అని రాసి, తెల్లవారుజామున పడుకున్నా. పేజీ తెరుచుకుంటోంది, లింకులు పనిచేస్తున్నాయి, ఫోటోలు వస్తున్నాయి. లెక్క మాత్రం పెట్టలేదు.

మర్నాడు ఒక ఫిర్యాదు వచ్చింది. రాసింది ఒక ఆటగాడి తల్లి. ఆమె కోపంగా రాయలేదు. "మా అబ్బాయి పేరు ఉందని కోచ్ చెప్పినాడు. మేమంతా కూర్చుని మీ పేజీ మూడుసార్లు చూశాం, మా అమ్మ కూడా కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. తీసేశారా?" అని, సారాంశం అంతే. అప్పుడు లెక్కపెట్టినా. 50.

ఆ కుర్రాడి కుటుంబం సమోవా నుంచి వచ్చినవాళ్లు. అక్కడి పేర్ల మధ్యలో కామా లాంటి ఒక చిన్న గుర్తు ఉంటుంది, పలకడంలో ఒక చిన్న ఆగుడు. మా ప్రోగ్రాం ఆ గుర్తు దగ్గర తడబడి, చప్పుడు లేకుండా ఆ వరసనే వదిలేసింది. అరగంటలో సరిచేసినారు. మా మేనేజరు దాన్ని చిన్న బగ్ కింద రాసుకున్నాడు. చిన్నదే. కానీ నాకు ఆ కళ్లద్దాల అవ్వ మూడు రోజులు కళ్లముందు తిరిగింది. ఆ ఏడంతా అతని పేరు వెతికేదాన్ని. నవంబరు లిస్టులో లేదు.

ఇప్పుడు మన ఇంటిది. చిన్నాయన కొడుకు నాకన్నా ఒక ఏడు పెద్ద. అన్నా అనే పిలుస్తా, ఇక్కడ కూడా అట్లే రాస్తా. అతను పదో తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవులకి ముందు బడి నోటీసు బోర్డు మీద ఒక పట్టీ వేసినారు, ఎస్సెస్సెల్సీలో ర్యాంకు రాగల పిల్లలని. ఆరు పేర్లు. మొదటిది అన్నది. తాత ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతి ఒక్కరినీ పిలిచి చెప్పినాడు. తుమకూరు పోయి అన్నకి హెచ్చెమ్టీ వాచీ తెచ్చినాడు. (వాచ్ లిస్ట్ అని మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ వాచీనే గుర్తొచ్చింది.)

అన్నకి ఫస్ట్ క్లాసు వచ్చింది, ర్యాంకు రాలేదు. ఫస్ట్ క్లాసు తక్కువేం కాదు, కానీ ఇంట్లో ఆ రోజు పాయసం చెయ్యలేదు. ఆ తర్వాత పీయూసీ సైన్సు, అతను అడిగింది కాదు. ఇంగ్లీషులో పాఠాలు, రెండుసార్లు తప్పినాడు. ఎవరూ తిట్టలేదు. "అంతటోడివి ఇట్లయిపోతివే" అని మెల్లగా అనేవాళ్లు, అంతే. తిట్టుంటేనే బాగుండేదేమో. వాచీ ఎప్పుడు తీసేశాడో నాకు తెలీదు.

మరుసటి ఏడు మా తరగతి పట్టీలో నా పేరు లేదు. ఏడ్చినాను. అది దాచను. ఆ తర్వాత నా మార్కులు ఎవరూ అడగలేదు, నా దారిన నేను చదువుకున్నా. పట్టీలో లేకపోవడమే నాకు మేలయిందని చెప్పుకోవడం సులభం. కానీ ఆ రోజు బోర్డు ముందు నిలబడి ఆరు పేర్లూ రెండుసార్లు చదివినదాన్ని నేనే కదా, ఆ సమోవా అవ్వ మాదిరే.

వాక్-ఆన్ అంటారు అక్కడ. స్కాలర్‌షిప్ లేకుండా తనంతట తానే వచ్చి జట్టులో చేరినవాణ్ణి. వాళ్లకి కూడా ఒక ట్రోఫీ ఉంది, బర్ల్స్‌వర్త్ పేరు మీద, 2010 నుంచి. బ్రాండన్ బర్ల్స్‌వర్త్ లావు నల్ల ఫ్రేము కళ్లద్దాలవాడు. ఆర్కన్సా జట్టులో అట్లా చేరి, 1998 కల్లా దేశంలోనే మేటి గార్డుల్లో ఒకడయినాడు. 1999 ఏప్రిల్‌లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టు అతన్ని ఎంచుకుంది. పదకొండు రోజులకి, అమ్మని చర్చికి తీసుకుపోదామని ఇంటికి కారులో వస్తూ ప్రమాదంలో చనిపోయినాడు. 22 ఏళ్లు. ఆ ట్రోఫీని బేకర్ మేఫీల్డ్ 2015లో, 2016లో గెలిచి, 2017లో హైస్‌మన్ కూడా తీసుకున్నాడు. నేను ఈ కథ ఒకసారి అన్నకి చెప్పినా. అతను మేఫీల్డ్ గురించి ఏమీ అడగలేదు. "ఆ పిల్లోడి అమ్మ ఎట్లుందో" అన్నాడు.

అన్న ఇప్పుడు తిరుమణి దగ్గర సోలార్ పార్కులో కేబుళ్ల పని చేయిస్తాడు, కింద పన్నెండు మంది ఉన్నారు. మన కలయికలకి రాడు, అందరికీ తెలుసు. పెదనాన్న చెప్పిన పని గురించి మొన్న ఆదివారం అతనికే ఫోన్ చేసినా. అతని బిడ్డ ఏడో తరగతి, ఖోఖోలో జిల్లా జట్టుకి ఆడింది, లెక్కల్లో కూడా చురుకు. ఎవరు పట్టీ రాసినా ఆ పేరు ముందొస్తుంది.

"ఆ అమెరికా పట్టీలో ఎంతమంది అంటివి?"

"51."

"మనోళ్ల పిల్లోళ్లు అంతా కలిపి ఎంతమంది?"

ఇద్దరం ఫోన్లోనే లెక్కపెట్టినాం. ధర్మవరం అత్త మనవళ్లతో కలిపి 23.

"ఇంగేముంది పాపా, అందరూ పడతారు కదా" అని నవ్వినాడు. కొంచెంసేపు ఆగి, "నా బిడ్డ పేరు రాయి. మొదట మాత్రం పెట్టొద్దు" అన్నాడు.

అ ఆ ల వరసన పెట్టినాను, అదే ఎవరికీ ఇబ్బంది లేదనుకుని. పెట్టినాక చూస్తే ఆ బిడ్డ పేరు "అ"తోనే మొదలవుతుంది. తీసేసి వయసు వరసన మార్చినా. ఒక్కొక్క తల్లికి ఫోన్ చేసి పేరు ఎట్లా రాయాలో అడిగి సరిచూసుకున్నా. మూడు తప్పులు దొరికినాయి. 22 పేర్లు, చివర "పాప, రెండు నెలలు" అని ఒకటి, ఇంకా నామకరణం కాలేదు. లెక్క రెండుసార్లు పెట్టి పంపినా. పెదనాన్న దగ్గరనుంచి ఒక్క మాటే వచ్చింది, "ఇంత పొడుగు పట్టీ ఎందుకమ్మా?" అని. ఇంకా జవాబు రాయలేదు, ఇది చదివితే చాలనుకుంటున్నా.