లింబాయత్‌లో రాత్రి ముచ్చట

సూరత్‌లో మన పద్మశాలీలు ఎక్కువగా ఉండే లింబాయత్‌లో, మగ్గాల షిఫ్టు దిగాక ఫోన్లు మోగడం మొదలవుతుంది. మా గ్రూపులో ముందు నూలు ధర మీద ఎవరో పంపిన లింకు, తర్వాత సినిమా పాట, ఆపైన ఏదో స్వామీజీ వీడియో. అక్కడ మాట దేవుడి మీదికి మళ్లింది.

"దేవుడుంటే 2006 వరదల మన ఇండ్లెట్ల మునిగినయే?" అని ఓ కుర్రాడు రాశాడు.

"ఉకాయి డ్యామ్ నీళ్లు ఇడిస్తే తాపీ పొంగింది తమ్మీ. దానికి దేవుడేం జేస్తడు?" అని ఓ పెద్దాయన జవాబు.

ఆ పిల్లాణ్ణి ఎవరూ కసరకపోవడం నాకెంతో నచ్చింది. ఈ ఊళ్లో అలాంటి ప్రశ్నలు కొత్తేం కాదు. 1833లో ఇక్కడే పుట్టిన కవి నర్మద్, 1864లో 'దాండియో' పత్రిక పెట్టి మూఢాచారాలను ఏకిపారేశాడు, వితంతు వివాహాల కోసం పోట్లాడాడు. ఆ మనిషే చివరి రోజుల్లో 'ధర్మవిచార్' రాసి పాత నమ్మకాల వైపు మళ్లాడు. ఓడిపోయాడని కొందరంటారు. నేననను. తన మీద తనకే అనుమానం రావడానికి ఎంత నిజాయితీ కావాలి!

మన కుర్రాడు చదివింది నర్మద్ పేరున్న యూనివర్సిటీలోనే. ఆయన కథలో ఈ రెండో సగం అతనికెవరూ చెప్పి ఉండరు. రేపు నేనే రాస్తాను.