పంటకాపుకు ఒక తుపాకి



ముప్పైయేండ్లకు పైగా విభక్తులూ ఛందస్సూ చెప్పుకొని బ్రతికినవాడు తుపాకుల ఊసెత్తడమేమిటని మీకు తోచవచ్చు. సుద్దముక్క, బెత్తము తప్ప వేరే ఆయుధం నా చేత పట్టలేదన్నది నిజమే. అయితే ఈ ఏడు నాకొక తుపాకిని ఎన్నుకోవలసిన అవసరం వచ్చినది. అదీ నేటి తరహా తుపాకి కాదు. గొట్టపు మూతి నుండి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి పేల్చేది. మా సీమలో దానిని నాటుతుపాకి అంటారు.

మా కాపురం హిందూపురంలో. భూమి మాత్రం పెనుకొండ కొండల దిగువన, జేజినాయన నాటి నాలుగెకరాల మెట్ట. అన్న ఉన్నన్నాళ్లూ ఆయనే చూసుకున్నారు. ఆయన పోయిన తరువాత ఆ బరువు నా మీద పడినది. శనక్కాయకు ఊడలు దిగి కాయ పట్టే వేళకు అడవిపందులు గుంపుగా దిగుతాయి. తిన్నది పిడికెడు, పెళ్లగించినది చేనెడు. తెల్లవారి చూస్తే మడక దున్నినట్లుంటుంది.

పక్కచేని రైతు ధర్మవరం నుండి పాత చీరలు మూటలు మూటలుగా తెచ్చి చేను చుట్టూ కట్టినాడు. పట్టుచీరల ఊరి నుండి వచ్చినవైనా ఇవి చిరుగు పట్టిన నూలుచీరలే. రంగుకు, గాలికి ఊగే కదలికకు, మనిషి వాసనకు పందులు జంకుతాయని రైతుల నమ్మకం. రెండు వారాలు జంకినవి కూడా. ఆ పిమ్మట చీర కిందుగా దూరి రావడం నేర్చుకున్నవి. మరొక రైతు రాత్రివేళ తీగకు కరెంటు పెట్టినాడు. అది నేరమని ఎరుగనివాడు కాదు. ఆ తీగకు తగిలి చచ్చినది పంది కాదు, వాని సొంత ఆవు. ఆ స్థానంలో నీళ్లు కట్టబోయిన మనిషి ఉంటే?

అప్పుడు మా అన్నకొడుకు అన్నాడు: "చిన్నాయనా, ఇట్లయితే లాభం లేదు. తుపాకి తెచ్చుకుందాం."

పండితుని బుద్ధి కనుక ముందుగా మాటల వెంట పడినాను. తుపాకి అన్న మాట పారసీ తుర్కీల తోవన మనకు చేరినది. ఫిరంగి అంటే మొదట ‘ఫ్రాంకు’, అనగా ఐరోపావాడు. తరువాత వాడు తెచ్చిన ఆయుధానికే ఆ పేరు స్థిరపడినది. ఈ కూరుడు తుపాకినే తెలంగాణ వైపు బర్మారు అంటారు. శుక్రనీతిలో నాళికాస్త్రం, అగ్నిచూర్ణం ఉన్నవి కనుక తుపాకి మన ప్రాచీనులదేనని మద్రాసులో సంస్కృతాచార్యుడైన గుస్తావ్ ఓపర్ట్ 1880లో ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆ భాగాలు చాలా ఆధునికములని తరువాతి పండితులు తేల్చినారు. గర్వపడడానికి అది దొరకకపోయినా, చరిత్ర దొరుకుతున్నది. 1520 నాటి రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకిదార్లు పోరాడినారు. ఆ కాలపు కావ్యాలలో, మనుచరిత్రలోని స్వరోచి వేటలో గాని, ధూర్జటి వర్ణించిన తిన్నని వేటలో గాని, నాకు కనిపించేవి విల్లు, వల, వేటకుక్కలే. యుద్ధభూమికి వచ్చిన తుపాకి కవుల అడవికి ఇంకా రాలేదన్నమాట. 1565లో రక్కసితంగడి తరువాత రాజధాని పెనుకొండకు మారినది. 1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి వచ్చిన పిమ్మట మన్రో దొర పాళెగాండ్ర బలాన్ని అణచినాడు. ఆ కోట నీడనే మా చేను.

ఇక రకాలు. మొదటిది వత్తితుపాకి. వెలిగించిన వత్తి వచ్చి రంజకాన్ని అంటుకుంటుంది. వానలో పనికిరాదు, చీకటిలో దాని నిప్పు దూరానికే కనబడుతుంది. రెండవది చెకుముకి తుపాకి. రాయి ఉక్కుకు తగిలి నిప్పు రాలుతుంది. మూడవది టోపీతుపాకి. చిన్న రాగిటోపీలోని మందు దెబ్బ తగలగానే భగ్గుమంటుంది. దీనికి మూలమైన ఉపాయాన్ని 1807లో ఫోర్సైత్ అనే స్కాట్లండు పాదిరి తన పేర పేటెంటు చేసుకున్నాడు. చెకుముకి తళుక్కుమనగానే పక్షులు ఎగిరిపోతున్నవన్న బాధ ఆయనను ఆ పనికి పురికొల్పినదట! ప్రసంగాలు చెప్పుకొనే మనిషికి కూడా తుపాకి గొడవ తప్పలేదని చదివి కొంత ఊరట పొందినాను.

నా పాత శిష్యుడొకడు అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటాడు. ఈ సంగతి వ్రాస్తే ఉత్సాహపడినాడు. వాని రాష్ట్రంలో 1974 నుండి జింకల వేటకు చెకుముకి తుపాకులకే ప్రత్యేకించిన రోజులున్నవట. వాడూ తన మొదటి కూరుడు తుపాకిని ఎన్నుకునే యోచనలోనే ఉన్నాడు. "సార్, గొట్టం లోపల మెలికల గాళ్లున్న రైఫిలే కొనండి. గుండు తిరుగుతూ పోతుంది, గురి తప్పదు" అని సలహా ఇచ్చినాడు. వాని మాట శాస్త్రరీత్యా సత్యమే. మెలిక గాళ్లున్న కూరుడు రైఫిల్ మన దేశానికి కొత్తదీ కాదు. 1857లో సిపాయిలు కొవ్వుపూసిన తూటా కాగితాన్ని పంటితో కొరకమన్నందుకు తిరగబడినది ఆ జాతి ఎన్‌ఫీల్డు తుపాకి వల్లనే కదా! ఆ తిరుగుబాటు అణగిన పిమ్మట దొరలు మన సిపాయిల చేతికి గాళ్లు లేని నున్నని గొట్టాలనే ఇచ్చినారు. 1878లో ఆయుధ చట్టం తెచ్చి సామాన్యుని చేతిని మరింత కట్టినారు.

నేటి చట్టం 1959 నాటిది. దాని 13వ సెక్షన్ చదివి ఆశ్చర్యపోయినాను. నిజమైన పంటరక్షణ కోసం మూతి నుండి కూరే తుపాకి కావాలన్న పౌరునికి, అనర్హత లేకపోతే, లైసెన్సు ఇవ్వవలెనని అందులో ఉన్నది. అది చాలదని అధికారికి తోస్తే వేరొక నున్నగొట్టపు తుపాకికి కూడా ఇవ్వవచ్చును. రైఫిల్ మాట అక్కడ లేదు. కనుక శిష్యుని సలహా అట్లాంటిక్ అవతలనే ఆగిపోయినది. దానికి తోడు మా చేలలో పంది కనబడేది ముప్పై నలభై అడుగులలో, చీకటిలో. అవతల ఇంకొకరి మంచె. దూరం పోయే గుండు మాకు మేలు కాదు, కీడు.

లైసెన్సు రాకముందే కొనరాదు. చూడడానికి అభ్యంతరం లేదు. బెంగుళూరులో లైసెన్సున్న ఒక దుకాణానికి అన్నకొడుకుతో కలిసి వెళ్లినాను. వారు రెండు చూపినారు. ఒకటి ఏ పాత కుటుంబమో వదిలిపెట్టినది. మడమ మీద ఇత్తడి లతలు, చేతుల రాపిడికి నునుపెక్కిన కొయ్య. చూడగానే మా వాని కళ్లు దాని మీద నిలిచినవి. రెండవది ఏ అలంకారమూ లేని కొత్త టోపీతుపాకి.

దుకాణంలోని పెద్దాయన ఓపికగా పరీక్ష చేసే పద్ధతి చెప్పినారు. పాత తుపాకి ఏదైనా సరే, ముందు అది కూరి ఉన్నదో లేదో చూడవలె. కడ్డీని మూతి నుండి అడుగు దాకా దించి, మూతి వద్ద వేలితో గుర్తు పట్టి, తీసి గొట్టం పక్కన ఆనించవలె. కడ్డీ కొన అడుగుకు చేరక ముందే ఆగినదంటే లోపల ఎప్పటిదో మందూ గుండూ ఉన్నదన్నమాట. ఎన్నో ఏండ్ల కింద కూరినది కూడా పేలగలదట. తరువాత గొట్టంలో తుప్పు గుంటలు. ఈ మందు సూరేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. కాలిన మసి తేమను పీల్చి ఇనుమును తినివేస్తుంది. పేల్చిన నాడే వేడినీళ్లతో కడిగి నూనె పూయకపోతే గొట్టం గుల్లబారి, ఒకనాడు చేతిలోనే పగులుతుంది. నేటి తూటాలలోని పొగలేని మందును ఇందులో పోస్తే ఒక్క దెబ్బకే పగులుతుంది. గొట్టం పరీక్షకు నిలిచినదని తెలిపే ముద్ర చూడవలె. మీటను సగం ఎత్తి నిలిపితే జారకుండా నిలవవలె.

ఇత్తడి లతల తుపాకి ఈ చివరి పరీక్షలో జారినది. ఎంపిక అక్కడే తేలిపోయినది: కొత్తది, నున్నగొట్టం, టోపీ.

అయితే అసలు చిక్కు ఇంటికి వచ్చిన తరువాత మొదలైనది. అన్నకొడుకు దారి పొడుగునా పంది మాంసం విందు గురించే మాట్లాడినాడు. నేను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తీసి వాని ముందు పెట్టినాను. ఆయుధ చట్టం రైతు చేతికి తుపాకి ఇస్తుంది, ఈ చట్టం మీట మీది వేలిని కట్టివేస్తుంది. అడవిపంది ఇప్పుడు రెండవ షెడ్యూలులో ఉన్నది. పంటకు హాని చేస్తున్నదని ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని 11వ సెక్షన్ కింద అనుమతిస్తే తప్ప కొట్టరాదు. కేరళలో 2022 నుండి ఈ అనుమతినిచ్చే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చినారు. కృష్ణజింక, నెమలి అయితే మొదటి షెడ్యూలు. వాటి ఊసే వద్దు.

"మరి కొట్టని తుపాకి ఎందుకు చిన్నాయనా?" అన్నాడు వాడు.

న్యాయమైన ప్రశ్నే. నా సమాధానమిది: గుండు లేకుండా మందు మాత్రమే పేల్చినా ఆ మోతకు గుంపు చెదురుతుంది. కాయ పట్టినది మొదలు కోత దాకా ఉన్న కొన్ని వారాలు గడిస్తే చాలును. చీరలకు అలవాటు పడినట్లు మోతకూ పడవచ్చును. అయినా చీరలు, మోత, డప్పు మార్చి మార్చి వాడితే అంత తొందరగా అలవాటు పడవని నా ఆశ. కరెంటు తీగ కంటే ఇది ధర్మమైన మార్గం.

లైసెన్సు ఎవరి పేరున అన్నదే మిగిలినది. పేరున్నవారే పట్టవలె. వాడు ముప్పైయేండ్లవాడు, చూపు మంచిది, గుండె ధైర్యమున్నది. నాకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయినది. ఎవరు చూసినా వాని పేరే చెబుతారు. కాని చీకటిలో కదిలిన ఆకారాన్ని చూసి పేల్చాలని తహతహలాడే చేతికంటే, పేల్చడానికి జంకే చేయి మేలని నాకు అనిపించినది. దరఖాస్తు నా పేరున పెట్టినాను. ఆయుధ నిబంధనలు కోరే శిక్షణ కూడా పొందవలసి ఉన్నది. ఈ వయసులో మళ్లీ విద్యార్థిని కావడం సరదాగానే ఉన్నది. అన్నకొడుకు వారమయినది, నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. "మా నాయన ఉంటే నాకే ఇచ్చేవాడు" అని వాళ్లమ్మతో అన్నాడట. వదిన ఆ మాట నాతో చెప్పి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయినది. అన్న ఉంటే ఏమి చేసేవారో నేనూ ఆలోచిస్తూనే ఉన్నాను. అయినా దరఖాస్తు వెనక్కు తీసుకోను.

చివరగా ఒక మనవి. ఈ తుపాకి భాగాలకు మీ మీ జిల్లాలలో ఏమేమి పేర్లున్నవో తెలుపగలరు. కూరే కడ్డీకి, టోపీ పెట్టే మొనకు, సగం ఎత్తిన మీటకు పాతవారి నోట తప్పక మాటలు ఉండి ఉంటాయి. వారు పోయేలోగా వ్రాసి పెట్టుకుందాము.