బయటి లంకెలు, లోపలి మొహమాటాలు

వికీపీడియా వ్యాసాల అడుగున "బయటి లింకులు" అనే చిన్న విభాగం ఒకటి ఉంటుంది. వ్యాసమంతా చదివినవారు కూడా దానిని చూసీ చూడనట్టు దాటిపోతారు. ఒక వ్యాసం శ్రద్ధగా పెరిగిందో, గాలికి పెరిగిందో నాకు తెలిసేది మాత్రం అక్కడే.

సి.పి.బ్రౌన్ వ్యాసాన్నే తీసుకుందాం. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1903 నాటి సవరించిన ముద్రణ, షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో ఉన్నది. పదమిచ్చి అర్థం వెతుక్కోవచ్చు. అంతటి గ్రంథం ఒక జీవితచరిత్రలో ఇమడదు. కనుక ఆ లంకెకు అక్కడ చోటుండాలి.

మిత్రులొకరు బ్రౌను గురించి తమ బ్లాగులో చక్కని వ్యాసం వ్రాసి, దాని లంకెను కూడా చేర్చమన్నారు. చదివి ఆనందించాను. కానీ అందులోని సంగతులన్నీ వికీ వ్యాసంలో అప్పటికే ఉన్నవి. కొత్త సంగతి ఉన్నట్లయితే, దానికి ఆధారమైన పుస్తకాన్ని మూలంగా చూపి వ్యాసంలోనే చేర్చవచ్చును. ఆ మాట చెప్పడానికి రెండు రోజులు తటపటాయించాను.

"మనవాళ్ళ వ్రాతలకు మనమే తలుపు మూస్తే ఎట్లా?" అన్నారాయన.

ఆ ప్రశ్నలో బాధ ఉన్నది, కొంత న్యాయమూ ఉన్నది. అయితే పాఠకుడికి మా స్నేహంతో పనిలేదు. ఈరోజు స్నేహితుడికి చోటిస్తే, రేపు పుస్తకాలమ్మే దుకాణం వారు తమ లంకె పెట్టినప్పుడు ఏ మొహంతో తీసివేయగలను? పైగా వికీలో లంకె ఉండడం యోగ్యతాపత్రమేమీ కాదు. 2007 జనవరిలో ఆంగ్ల వికీపీడియా తన బయటి లంకెలకు "నోఫాలో" గుర్తు తగిలించింది. వాటిని సిఫారసులుగా లెక్కించవద్దని వెతుకుడు యంత్రాలకు చెప్పడమే దాని ఉద్దేశం.

చేర్చిన ప్రతి లంకెనూ కాచుకోవాలి కూడా. 2009లో యాహూ జియోసిటీస్‌ను మూసివేసినప్పుడు దానికి దారిచూపిన లంకెలన్నీ గోడకు తగిలే దారులయ్యాయి. కొన్ని పుటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివారు దాచిపెట్టారు గనుక సరిపోయింది.

చివరకు ఆ లంకెను నేను చేర్చలేదు. నాకు స్నేహం అడ్డువస్తున్నదని, చర్చాపేజీలో ప్రతిపాదిస్తే ఇతరులు నిర్ణయిస్తారని చెప్పాను. ఆయన ప్రతిపాదించలేదు. మా మధ్య మాటలు కొంచెం పలచబడ్డాయి.

అయినా నా కొలత అదే. పాఠకుణ్ణి గడప దాటించి పంపుతున్నామంటే, అతడు ఇక్కడ దొరకనిదేదో అక్కడినుండి తెచ్చుకోగలగాలి. వట్టి చేతులతో తిరిగివచ్చేటట్లయితే, ఆ దారి ఎంత ఆప్తుడిదైనా చూపకపోవడమే మర్యాద.